లక్సర్ శిథిలాల మీదుగా సూర్యోదయ బెలూన్ ప్రయాణం: తిరుపతి నుంచి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

ఈజిప్టులోని లక్సర్ వెళ్లి వచ్చిన నాటి నుంచి తిరుపతిలో బంధువులు, ఇరుగుపొరుగువారు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటున్నాయి. బెలూన్ ఎక్కడానికి ఎలా వెళ్లాలి, ముందుగా ఏం సర్దుకోవాలి, అరవై దాటిన అమ్మను తీసుకెళ్లవచ్చునా, గాలి ఎక్కువైతే ఏం చేస్తారు? ఒక్కొక్కరికి ఫోనులో చెప్పేటప్పుడు ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను కనుక, బయలుదేరిన దగ్గర నుంచి నేల మీద దిగే దాకా వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఒక సంగతి మొదటే చెప్పాలి. ఫలానా రోజున బెలూన్ ఎగురుతుందా లేదా అన్నది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి రెండు: లక్సర్‌లో ఎన్ని ఉదయాలు ఖాళీగా ఉంచుకున్నాం, దిగేటప్పుడు పైలట్ చెప్పినట్టు ఎంతవరకు చేశాం. నాకు కనిపించిన ఇబ్బందులన్నీ ఈ రెండింటి దగ్గరే పుట్టాయి.

1. ఏ బెలూన్ గురించి మాట్లాడుతున్నాం

పర్యాటక ఉత్సవాల్లో తాడు కట్టి పైకి లేపి, కొద్ది నిమిషాల్లో అదే చోట దింపే బెలూన్ వేరు. లక్సర్‌లోనిది తాడు లేకుండా, గాలి ఎటు వీస్తే అటు సాగిపోయి, బయలుదేరిన చోటికి కాక మరెక్కడో దిగే బెలూన్. ప్రయాణం సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట వరకు ఉంటుంది.

పైలట్‌కు దీనిని పైకి లేపడం, కిందికి దించడం మాత్రమే సాధ్యం. ఎత్తును బట్టి గాలి దిశ మారుతుంది కాబట్టి, కావలసిన వైపు వీచే గాలి పొర కోసం అతడు పైకీ కిందికీ వెతుకుతాడు. అందుచేత "మమ్మల్ని రాజుల లోయ (పాతకాలపు రాజుల సమాధులున్న చోటు) మీదుగా తప్పకుండా తీసుకెళ్తారా" అని అడగడం వృథా. తప్పకుండా తీసుకెళ్తామని ఎవరైనా మాట ఇస్తే ఆ మనిషి దగ్గర టికెట్ కొనవద్దని నా సలహా.

తెల్లవారుజామునే ఎందుకు అన్నదానికి కారణం సూర్యోదయపు అందం ఒక్కటే కాదు. 10 డిగ్రీల చల్లగాలి ఒక ఘనపు మీటరు దాదాపు 1.25 కిలోలు తూగుతుంది. 100 డిగ్రీలకు వేడెక్కిన గాలి దాదాపు 0.95 కిలోలే తూగుతుంది. అంటే ఒక్కో ఘనపు మీటరు వేడిగాలి సుమారు 300 గ్రాములు మోస్తుంది. బయటి గాలి 30 డిగ్రీలకు చేరితే ఆ మోత సుమారు 220 గ్రాములకు పడిపోతుంది. పైగా ఎండ ఎక్కితే నేల వేడెక్కి గాలి సుడులు తిరుగుతుంది, దిగడం కష్టమవుతుంది. ఈ లెక్క తెలిస్తే, తెల్లవారకముందే ఎందుకు లేపుతున్నారు, మన బరువు ఎందుకు అడుగుతున్నారు అన్న విసుగు రాదు.

2. నెల, మకాం, ఖాళీ ఉదయాలు

అక్టోబరు చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు అనుకూలమైన కాలం. వేసవిలో లక్సర్ పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మన శ్రీకాళహస్తి ఎండలకు అలవాటుపడ్డవారికి కూడా అక్కడి గుళ్లు, సమాధులు నడిచి చూడటం కష్టమవుతుంది. మార్చి నుంచి మే వరకు ఎడారి వైపు నుంచి ఖమ్‌సీన్ అనే ఇసుకగాలి వస్తుంది. అది వచ్చిన రోజున బెలూన్ మాట మరిచిపోవలసిందే.

లక్సర్‌లో కనీసం మూడు రాత్రులు ఉండేటట్టు చూసుకోండి. మొదటి ఉదయానికే బెలూన్ బుక్ చేయండి; రద్దయితే రెండో ఉదయం, అదీ రద్దయితే మూడోది ఉంటాయి. దీనిని నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. మేము ఒక్క ఉదయమే ఉంచుకుని, అదే మధ్యాహ్నానికి కైరో విమానం టికెట్ కొనుక్కున్నాం. తెల్లవారుజామున నది ఒడ్డున పడవలో కూర్చుని టీ తాగుతుండగా మమ్మల్ని తీసుకొచ్చిన కుర్రవాడి ఫోను మోగింది. గాలి ఎక్కువగా ఉంది, ఈ రోజు లేదు అన్నాడు. మా పెద్దమ్మ ముఖం చూసి ఆ టికెట్ డబ్బు నైలులో కలిపేసి, మరో రాత్రి ఉండిపోయాం. మరుసటి ఉదయం ఎగిరాం కనుక సరిపోయింది. లేకపోతే ఇంత దూరం వెళ్లి గుళ్లు మాత్రమే చూసి తిరిగి వచ్చేవాళ్లం.

మొదటి ఉదయానికే బుక్ చేయమనడానికి ఇంకో కారణం మన గడియారం. భారత కాలమానం ఈజిప్టు కంటే శీతకాలంలో మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ తెల్లవారి 4 గంటలంటే తిరుపతిలో 7.30. వచ్చిన కొత్తలో మన శరీరం ఇంకా ఊరి లెక్కలోనే ఉంటుంది కాబట్టి అలారం లేకపోయినా మెలకువ వస్తుంది. సుప్రభాత సేవకు అర్ధరాత్రి లేచి వరుసలో నిలబడినవారికి ఇదొక పెద్ద కష్టం కానే కాదు. నాలుగైదు రోజులు గడిచాక ఈ అనుకూలత పోతుంది.

మకాం విషయంలో, ఎక్కువ హోటళ్లు నైలు తూర్పు గట్టున, కర్నాక్, లక్సర్ ఆలయాలు ఉన్న వైపున ఉంటాయి. బెలూన్లు లేచేది పడమటి గట్టున. తూర్పున మకాం పెడితే చీకట్లో పడవ మీద నది దాటాలి. పడమటి గట్టునే గది తీసుకుంటే అరగంట నిద్ర మిగులుతుంది. పెద్దవారు తోడుంటే నేను పడమటి గట్టునే ఎంచుకుంటాను.

3. ఊరి నుంచి లక్సర్ దాకా

ఇది క్లుప్తంగానే చెప్తాను. పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. ఈజిప్టు వీసా చేతికి రాకముందే, వాపసు రాని టికెట్లు కొనవద్దు.

తిరుపతివారికి, చిత్తూరువారికి చెన్నై విమానాశ్రయం దగ్గర. రోడ్డు మీద మూడు నాలుగు గంటలు పడుతుంది. చిత్తూరు, పలమనేరు వైపువారు బెంగుళూరును కూడా చూసుకోవచ్చు. గల్ఫ్ నగరాల మీదుగా కైరో చేరి, అక్కడి నుంచి గంటసేపు విమానంలోనో, రాత్రంతా రైలులోనో లక్సర్ వెళ్లాలి. పెద్దవారితో రైలు వద్దు. రాత్రంతా కూర్చుని వచ్చిన నడుముతో, బెలూన్ కింద మనం నిలబడే బుట్టలోకి ఎక్కడం మంచిది కాదు.

డ్రోన్ తీసుకెళ్లవద్దు. అనుమతి లేని డ్రోన్లు ఈజిప్టులో నిషిద్ధం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. మోకాళ్ల నొప్పులకు వాడే మాత్రల చీటీ ఒకసారి చదవండి. ట్రమడాల్ అనే నొప్పి మందు ఉన్న మాత్రలకు ఆ దేశంలో కఠినమైన ఆంక్షలున్నాయి, వాటితో పట్టుబడితే జైలు దాకా పోతుంది. డాక్టరును అడిగి వేరే మందు రాయించుకోండి.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఏజెంటును ఒకే ప్రశ్న అడగండి: వేడిగాలి బెలూన్‌కు ఈ పాలసీ వర్తిస్తుందా? చాలా పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి, ఆ మినహాయింపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నోటిమాట కాకుండా రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి.

4. బుకింగ్ చేసేటప్పుడు అడగవలసినవి

హోటల్ ద్వారా, ట్రావెల్ ఏజెంటు ద్వారా, నేరుగా బెలూన్ సంస్థ ద్వారా ఎలాగైనా బుక్ చేయవచ్చు. ధరల తేడా చూసి తొందరపడవద్దు. ఒకే ఉదయం బెలూన్లు విడతలుగా లేస్తాయి. మొదటి విడతలో ఉన్నవారు సూర్యుడు పైకి వచ్చేటప్పటికి గాలిలో ఉంటారు. తరువాతి విడతవారు అప్పటికి నేల మీద నిలబడి పైకి చూస్తుంటారు. చవకగా దొరికిన టికెట్ చాలాసార్లు ఆ రెండో విడతదే.

వాట్సాప్‌లో ఈ ప్రశ్నలు పంపి, జవాబులను దాచుకోండి:

– సూర్యోదయానికి ముందే లేచే మొదటి విడతలోనేనా?
– బుట్టలో ఎంతమంది? పదహారా, ఇరవై నాలుగా, అంతకంటే ఎక్కువా?
– వాతావరణం వల్ల రద్దయితే డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తారా, లేక మరుసటి రోజుకు మారుస్తారా? ఎంపిక మనదేనా?
– ప్రయాణికుల బీమా టికెట్‌లో కలిసి ఉందా?
– హోటల్ నుంచి తీసుకెళ్లి తిరిగి దింపుతారా? దిగాక పడమటి గట్టునే ఉండిపోతామంటే ఒప్పుకుంటారా?
– పిల్లలకు కనీస వయసు, ఎత్తు ఎంత?

మూడో ప్రశ్నకు "చూద్దాం సార్" అనే జవాబు వస్తే మరొకరి దగ్గరికి వెళ్లండి.

బరువు అడిగినప్పుడు నిజం చెప్పండి. మా బావ సిగ్గుపడి పది కిలోలు తగ్గించి రాశాడు. ఎక్కే ముందు సిబ్బందిలో ఒకడు అతడిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, నవ్వుకుంటూ చేయి పట్టి బుట్టలోని వేరే గదిలోకి మార్చాడు. బుట్ట లోపల చిన్న చిన్న గదులుంటాయి. బరువు వాటిలో సమంగా పడాలి. మనిషికి 70 కిలోల చొప్పున ఇరవై మందిని లెక్కేస్తే 1,400 కిలోలు. పై లెక్క ప్రకారం ఈ మనుషులను మోయడానికే 4,600 ఘనపు మీటర్లకు పైగా వేడిగాలి కావాలి. బుట్ట, సిలిండర్లు, బెలూన్ గుడ్డ బరువులు వేరే. అందరూ తలా పది కిలోలు దాచితే ఆ తేడా ముగ్గురు మనుషుల బరువంత అవుతుంది.

5. ఎవరు ఎక్కవచ్చు, శరీరాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి

గర్భిణులు, ఈ మధ్య శస్త్రచికిత్స చేయించుకున్నవారు, ఎముకలు బలహీనపడినవారు, వెన్ను లేదా మెడ గట్టిగా దెబ్బతిన్నవారు ఎక్కకూడదు. దిగేటప్పుడు తగిలే కుదుపే దీనికి కారణం. బుట్ట అంచు పైనుంచి చూడలేనంత చిన్న పిల్లలను తీసుకెళ్లడంలో అర్థం లేదు, చాలామంది ఒప్పుకోరు కూడా.

అరవై దాటినవారి విషయంలో వయసు కంటే మోకాళ్లు ముఖ్యం. పేముతో అల్లిన ఆ బుట్టకు తలుపు ఉండదు. దాదాపు రొమ్ము ఎత్తున్న గోడకు పాదం పట్టేటన్ని రంధ్రాలు ఉంటాయి; వాటిలో కాలు పెట్టి, అంచు మీదుగా మరో కాలు వేసి లోపలికి దిగాలి. తరువాత గంటసేపు నిలబడే ఉండాలి, కూర్చునే చోటు లేదు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కగలిగినవారు దీని గురించి ఆలోచించనక్కర లేదు. మెట్లెక్కలేనివారు కూడా ఎక్కగలరు, కాని ఇంట్లో ఒకసారి పరీక్షించుకోవాలి.

బయలుదేరే పదిహేను రోజుల ముందు నుంచి ఇది చేయండి:

– గోడకు వీపు ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి, ముప్పై సెకన్లు నిలవండి. రోజుకు ఐదుసార్లు.
– ఎత్తైన మంచం అంచు మీదుగా ఒక కాలు వేసి అవతలికి దిగడం సాధన చేయండి, పక్కన మనిషిని ఉంచుకుని.
– గంటసేపు కూర్చోకుండా నిలబడి చూడండి. వంటింట్లో గంటలు నిలబడే ఆడవారికి ఈ సాధన అక్కర లేదు, మగవారికి కావాలి.

బీపీ, షుగరు మందులు వాడేవారు గంటల తేడాను లెక్కలోకి తీసుకోవాలి. ఇంట్లో ఉదయం 7 గంటలకు వేసుకునే మాత్ర వేళ అక్కడ తెల్లవారి 3.30 అవుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు, టిఫిను ఆలస్యమయ్యే ఆ ఉదయానికి ఏం చేయాలో ఊళ్లోనే డాక్టరును అడిగి రాయించుకోవాలి.

ఎత్తంటే భయపడేవారికి ఒక మాట. మిద్దె మీద నిలబడి కిందికి చూస్తే వచ్చే తిప్పు ఇక్కడ చాలామందికి రాదు. మనం గాలితోపాటే కదులుతుంటాం కనుక ముఖానికి గాలి తగలదు, ఊగదు. నేల నుంచి లేచిన రెండు మూడు నిమిషాల దాకా మా పెద్దమ్మ నా చొక్కా పట్టుకుని "ఏమిరా నాయనా, పోతా ఉండామా, నిలబడుండామా?" అని అడుగుతూనే ఉంది. అప్పటికి కింద కొబ్బరికాయంత కనిపిస్తున్నది గాడిద బండి.

6. బట్టలు, సంచి

డిసెంబరు, జనవరిల్లో లక్సర్ తెల్లవారుజాము 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటుంది. హార్స్‌లీ హిల్స్‌లో చలికాలపు తెల్లవారుజామును ఎరిగినవారు అంతకంటే కొంచెం ఎక్కువ చలిని ఊహించుకుంటే సరిపోతుంది. ఎగిరే ముందు నేల మీద నిలబడే అరగంటలోనే చలి ఎక్కువ. పైకి వెళ్లాక నెత్తి మీద, బెలూన్ గాలిని వేడిచేసే బర్నర్ మండినప్పుడల్లా వేడి తగులుతుంది.

ఆ వేడి వల్ల టోపీ తప్పనిసరి. పొడుగ్గా ఉన్నవారికి మరీ అవసరం. ప్రయాణానికి ముందు కొండకు వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చే అలవాటు మన వైపు ఉంది; గుండు మీద ఆ సెగ ఎలా ఉంటుందో మా బావను అడగాలి. నూలు టోపీ అయితే మంచిది.

చీర, పంచ ఆ ఒక్క ఉదయానికి పక్కన పెట్టండి. చుడీదార్ అయితే చున్నీని నడుముకు బిగించి కట్టుకోవాలి, లేదా గదిలోనే వదిలేయాలి. వేలాడే చున్నీ ఎక్కేటప్పుడు పేము అల్లికకు చిక్కుకుంటుంది.

కాళ్లకు బూట్లే వేసుకోండి. బెలూన్ ఇసుకలో దిగవచ్చు, చెరకు తోటలోనూ దిగవచ్చు. పడమటి గట్టున చెరకు విరివిగా పండుతుంది. కొట్టిన చెరకు మొదళ్ల మీద చెప్పులతో నడిస్తే ఏమవుతుందో చిత్తూరు జిల్లావారికి నేను చెప్పనక్కర లేదు.

సంచిలో ఉండవలసినవి ఇవే:

– పాస్‌పోర్టు నకలు, గది తాళం
– చిన్న ఈజిప్టు నోట్లు (రూపాయలు అక్కడ మార్చుకోవడం కష్టం, డాలర్లు తీసుకెళ్లి మార్చుకోండి)
– ఒక వేరుశనగ చిక్కీ లేదా నాలుగు ఖర్జూరాలు
– చిన్న నీళ్ల సీసా
– మెడలోనో మణికట్టుకో తగిలించుకునే తాడుతో ఫోను
– చలువ కళ్లద్దాలు. ఇవి దిగిన తరువాతకు

సెల్ఫీ కర్ర వద్దు. పెద్ద వీపు సంచి వద్దు. దిగేటప్పుడు అదే మన నడుముకు అడ్డు పడుతుంది.

7. ఆ ఉదయం, వరుసగా

జనవరిలో అక్కడ సూర్యోదయం 6.30 దాటాక అవుతుంది. దానికి రెండు గంటల ముందు హోటల్ దగ్గరికి బండి వస్తుంది. చలికాలం దాటేకొద్దీ బండి ఇంకా పెందలాడే వస్తుంది.

ముందుగా, గది వదిలే ముందే కాలకృత్యాలు ముగించండి. బుట్టలో మరుగుదొడ్డి లేదు, బయలుదేరే మైదానంలో దొరుకుతుందని నమ్ముకోవద్దు. పడవలో ఇచ్చే టీ కాఫీలు సగం కప్పుతో ఆపండి.

తరువాత పడవలో నది దాటి, అవతలి గట్టున వ్యాన్‌లో మైదానానికి వెళ్తారు. ఇక్కడ నిరీక్షణ ఉంటుంది. వాతావరణం చూసి అనుమతి ఇచ్చాకే బెలూన్లు నింపడం మొదలవుతుంది. నేల మీద గాలి గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగం దాటితే సాధారణంగా ఎగరరు. మనకు చెంప మీద తగిలే గాలి సన్నగానే అనిపించినా పైన వేరుగా ఉండవచ్చు; పైలట్‌తో వాదించవద్దు.

అనుమతి వచ్చాక బెలూన్ గుడ్డను నేల మీద పొడవుగా పరిచి, పెద్ద ఫ్యాన్లతో మొదట చల్లగాలి నింపుతారు. సగం ఉబ్బాక బర్నర్ మంటను లోపలికి పెడతారు. అప్పుడు అది నెమ్మదిగా లేచి నిలబడుతుంది. చీకటిలో పక్కపక్కనే ఉన్న బెలూన్లు ఒక్కొక్కటి వెలిగి ఆరడం ఫొటో తీయదగ్గ దృశ్యమే. కాని గుడ్డ మీద, తాళ్ల మీద కాలు వేయకుండా, ఫ్యాన్లకు దూరంగా నిలబడి తీయండి. బీడీ సిగరెట్ల మాటే వద్దు. పక్కనే ప్రొపేన్ గ్యాస్ సిలిండర్లుంటాయి.

ఎక్కమని చేయి ఊపినప్పుడే ఎక్కాలి. తోపులాట అక్కర లేదు. ధర్మ దర్శనం వరుసలో అలవాటైన మన కాళ్లు ఇక్కడ కూడా ముందుకు దూకుతాయి; ఎవరెక్కడ నిలబడాలో సిబ్బందే నిర్ణయిస్తారు. పైకి వెళ్లాక బెలూన్ తన చుట్టూ తాను తిరిగేలా పైలట్ చేస్తాడు కనుక అన్ని వైపులా అందరికీ కనిపిస్తుంది.

ఎక్కిన వెంటనే, లేవకముందే, దిగే భంగిమను ఒకసారి చేయించి చూపిస్తారు. ఫొటోలు ఆపి దానిని శ్రద్ధగా చూడండి. భాష అర్థం కాని పెద్దవారికి పక్కనుండి తెలుగులో చెప్పండి.

8. పైన ఏది ఎటు

తూర్పున నైలు, దాని అవతల కర్నాక్. పడమట తీబన్ కొండలు. ఈ రెంటి మధ్య పచ్చని పొలాల పట్టీ, ఆ పట్టీ ముగిసే చోట గీత గీసినట్టు ఎడారి. శిథిలాలు ఎక్కువగా ఆ గీత వెంబడే ఉంటాయి. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే దేనినైనా పోల్చుకోవచ్చు.

కొండ మొదట్లో మూడు అంతస్తుల మెట్ల వేదికలాగా కనిపించేది దేర్ ఎల్ బహరీలోని హాట్షెప్సుట్ రాణి ఆలయం. పొలాల మధ్య తూర్పు ముఖంగా కూర్చున్న జంట విగ్రహాలు మెమ్నాన్ విగ్రహాలు, ఒక్కొక్కటి సుమారు 18 మీటర్ల ఎత్తు; మూడో అమెన్‌హోటెప్ ఆలయం ముందు ఉండేవి ఇప్పుడు దాదాపు ఒంటరిగా మిగిలాయి. పెద్ద ప్రాకారంతో, మన గుడి గోపురాల వరుస గుర్తుకు వచ్చేది మెదీనెత్ హబు ఆలయం. రాజుల లోయ కొండ అవతల ఉంది. అరవైకి పైగా సమాధులున్నా పైనుంచి దారులు, గుంతల నోళ్లు తప్ప ఏమీ కనిపించవు. అక్కడ అద్భుతం కనిపిస్తుందని ఎదురుచూసినవారు నిరాశపడతారు.

ఫొటోల్లో అందరూ చేసే తప్పు ఒకటుంది. సూర్యుడు తొంగిచూడగానే బుట్టలోని వారందరూ తూర్పుకు తిరిగి అటే తీస్తూ ఉండిపోతారు. రెండు ఫొటోలు తీసి వెనక్కి తిరగండి. సరిగ్గా ఆ నిమిషాల్లో పడమటి కొండ రంగు బూడిద నుంచి గులాబీకి, ఆ తరువాత పండిన బంగినపల్లి రంగుకు మారుతుంది. తూర్పు ముఖం పెట్టిన ఆలయాల మీద మొదటి వెలుగు అప్పుడే పడుతుంది. మా బావ ఫోనులో సూర్యుడివి నలభై ఫొటోలున్నాయి, హాట్షెప్సుట్ ఆలయం ఒక్కటి కూడా లేదు.

దీనిని ఇంటి దగ్గరే సాధన చేయవచ్చు. ఒక తెల్లవారుజామున చంద్రగిరి వెళ్లి, సూర్యుడికి ఎదురుగా నిలబడి కొన్ని, వీపు పెట్టి కొన్ని కోట గోడల ఫొటోలు తీసి పోల్చుకోండి. రాతి గోడ పగుళ్లు ఏ వెలుగులో తేటగా వస్తాయో అక్కడే తెలిసిపోతుంది.

బర్నర్ మండుతున్నప్పుడు వీడియోలో ఏ మాటా వినిపించదు. మంట ఆగిన విరామాల్లో మాట్లాడండి. ఆ విరామాల్లో కింది నుంచి కుక్కల అరుపులు, కోళ్ల కూతలు తేటగా వినిపిస్తాయి.

9. దిగడం

శ్రద్ధ అంతా ఇక్కడ పెట్టాలి. బెలూన్ ఎక్కడ దిగుతుందో చివరి పది నిమిషాల దాకా పైలట్‌కే ఖాయంగా తెలియదు. కింద జీపులో ఒక బృందం వైర్‌లెస్‌లో మాట్లాడుతూ మన వెంట వస్తుంటుంది.

పైలట్ చెప్పగానే ఈ వరుసలో చేయండి:

– ఫోను జేబులో పెట్టి జిప్ వేయండి. మెడలోని తాడును చొక్కా లోపలికి దోపండి.
– బెలూన్ సాగుతున్న దిశకు వీపు పెట్టి, వీపును బుట్ట గోడకు ఆనించండి.
– లోపలి తాడు పిడులను రెండు చేతులతో పట్టుకోండి. బుట్ట అంచును బయటి నుంచి పట్టుకోవద్దు, వేళ్లు నలుగుతాయి.
– మోకాళ్లు కొద్దిగా వంచి, పాదాలు రెండూ కలిపి ఉంచండి.
– తల గోడ కంటే కిందికి ఉండేలా చూసుకోండి.

గాలి లేకపోతే కుర్చీలో కూర్చున్నంత మెత్తగా దిగుతుంది. గాలి ఉంటే రెండు మూడుసార్లు నేలను తాకి ఎగిరి, కొంత దూరం ఈడ్చుకుపోయి, పక్కకు ఒరుగుతుంది. ఒరిగినా కంగారు పడనక్కర లేదు, బుట్టను అందుకు తగినట్టే అల్లుతారు. భంగిమ వదలవద్దు.

బుట్ట ఆగింది కదా అని ఎవరూ దిగకూడదు. ఒక్క మనిషి దిగినా ఆ డెబ్బై కిలోల బరువు తగ్గి, లోపల ఇంకా వేడిగా ఉన్న గాలి బెలూన్‌ను మళ్లీ పైకి లాగుతుంది. 2013 ఫిబ్రవరి 26న లక్సర్‌లోనే దిగుతున్న బెలూన్‌లో మంటలు అంటుకున్నాయి. పైలట్, మరొకరు బయటికి దూకాక తేలికైన బెలూన్ మళ్లీ పైకి లేచిపోయి, 19 మంది చనిపోయారు. భయపెట్టడానికి దీనిని రాయడం లేదు. పేరు పిలిచాకే, చూపిన వైపు నుంచే, ఒకరి తరువాత ఒకరు దిగమని సిబ్బంది ఎందుకు అరుస్తారో తెలియాలని రాస్తున్నాను. పైలట్ బెలూన్ తలలోని మూతను తాడుతో లాగి వేడిగాలిని వదిలేశాకనే మన వంతు.

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

వాతావరణం వల్ల రద్దయితే, పక్కనే ఇంకెవరో "మేము ఎగురుతున్నాం, రండి" అని పిలవవచ్చు. వెళ్లవద్దు. ఒకరికి ఆపిన గాలి మరొకరికి కూడా అదే గాలి.

ముందు రాత్రి భారీ భోజనం మరొక పొరపాటు. నైలు ఒడ్డున కాల్చిన మాంసం చాలా రుచిగా ఉంటుంది, దానిని ఎగిరిన రోజు రాత్రికి వాయిదా వేయండి. శాకాహారులకు పప్పుతో చేసే కొషారి, చిక్కుడు గింజల ఫూల్ దొరుకుతాయి. ఫూల్ కూడా తెల్లవారుజామున కడుపు ఉబ్బిస్తుంది.

చలికి రెండు స్వెట్టర్లు వేసి, పైన వేడికి విప్పే చోటు లేక చెమటలు పట్టేవారున్నారు. ముందుకు గుండీలున్న ఒకే స్వెట్టరు వేసుకుంటే విప్పకుండానే తెరుచుకోవచ్చు.

ఫోను చార్జింగ్ చలికి త్వరగా పడిపోతుంది. ఎక్కే దాకా లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచుకోండి.

11. దిగాక

సిబ్బంది గుడ్డ చుట్టేటప్పుడు పక్కకు నిలబడండి. చిన్న నోట్లు ఇప్పుడు అవసరమవుతాయి. కింద జీపులో పరుగెత్తిన కుర్రవాళ్లను మరిచిపోవద్దు. పొలంలో దిగితే పంట తొక్కకుండా గట్టు వెంబడి నడవండి.

ఇంకా ఏడున్నర కూడా కాలేదు, మీరు ఉన్నది పడమటి గట్టున. హోటల్‌కు తిరిగి వెళ్లి టిఫిను చేసి మళ్లీ నది దాటి వస్తే పది అవుతుంది, అప్పటికి ఎండ, బస్సులు రెండూ వచ్చేస్తాయి. ముందు రోజే ఒక టాక్సీని మాట్లాడుకుని, దిగిన చోటికో మెమ్నాన్ విగ్రహాల దగ్గరికో రమ్మనండి. చిక్కీ తిని, నేరుగా రాజుల లోయకు, తరువాత హాట్షెప్సుట్ ఆలయానికి, చివరగా మెదీనెత్ హబుకు వెళ్లండి. మధ్యాహ్నానికి పడవ ఎక్కితే భోజనానికి గదికి చేరుతారు. బూట్లలోని ఇసుకను మాత్రం పడవ ఎక్కే ముందే దులుపుకోండి, పడవవాళ్లు ఊరుకోరు.